పసుపు కుంకుమ పొలం, పట్టుబడి వేళ: కోనసీమ తీరగ్రామంలో ఒక క్షేత్ర అధ్యయనం

మేము వెళ్లేనాటికే ఆ ఊరికి ఒక పటం ఉంది. ఉపగ్రహ చిత్రం మీద సర్వే నంబర్లు పేర్చి, కొబ్బరి తోటలకు ముదురాకుపచ్చ, వరిచేలకు లేతాకుపచ్చ, రొయ్యల చెరువులకు నీలం వేసి తయారుచేశారు. కొలతల్లో తేడా ఏమీ లేదు. దానికి జోడుగా ఇంటింటి సర్వే పట్టిక కూడా ఉంది. తాగునీటి ఎద్దడి మీద పంచాయతీకి ఇవ్వవలసిన నివేదికలో ‘మహిళల అభిప్రాయాలు’ అని ఒక అధ్యాయం రాసిపెట్టమని మమ్మల్ని అడిగారు. పట్టిక తిరగేస్తే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ల వృత్తి గడిలో ‘గృహిణి’ అని ఉంది. అదే ఊరి నుంచి తెల్లవారుజామున ఆటోల నిండా ఆడవాళ్లు రొయ్య పొట్టు వలిచే షెడ్లకు వెళ్తున్నారు. పట్టిక నింపింది పగటిపూట, జవాబులు చెప్పింది అరుగు మీద కూర్చున్న ఇంటి యజమాని.

అలాంటి పట్టిక చివర అధ్యాయం అతికించడానికి నేను ఒప్పుకోలేదు. ప్రశ్నలన్నీ మళ్లీ మొదటి నుంచి అడగనిస్తేనే చేస్తామన్నాం. కొంత తర్జనభర్జన తర్వాత అనుమతి దొరికింది. ఆ పని ఎలా సాగింది, ఏమి తేలింది, ఏమి తేలలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరూ మనుషుల పేర్లూ ఇవ్వడం లేదు; ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ గోదావరి డెల్టాకు ఇలాంటి ప్రశ్న కొత్తదేమీ కాదు. వశిష్ట పాయ ఒడ్డున నరసాపురం చుట్టుపక్కల ఇళ్లల్లో కూర్చుని లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఆ లేసు విదేశీ మార్కెట్లకు వెళ్తుంది, వ్యాపారం చేసేది మగవాళ్లు, అల్లేవాళ్లను మాత్రం తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా చూస్తారు, అలా చూడడం వల్లే కూలి అంత తక్కువగా ఉండగలుగుతోంది అని ఆమె చూపించారు. సరిగ్గా అదే 1982లో జానిస్ మంక్, సూసన్ హాన్సన్ అనే ఇద్దరు భూగోళ శాస్త్రజ్ఞులు మానవ భూగోళ శాస్త్రం మానవుల్లో సగం మందిని వదిలేస్తోందని ఒక వ్యాసం రాశారు. మా ఊళ్ల అనుభవం ప్రపంచ స్థాయి చర్చకు ఆధారమైంది గాని, మా ఊళ్లలో నింపే పట్టికలు మాత్రం మారలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఊరి గురించి కొంచెం చెప్పాలి. గోదావరి పాయలైన వైనతేయానికీ గౌతమికీ మధ్య, సముద్రానికి దగ్గరగా, కాలువల శివారున ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా నీళ్లు పారాయంటారు గాని, శివారు భూములకు నీరు ఎప్పుడూ చివర్లోనే అందుతుంది, మురుగు మాత్రం ముందే చేరుతుంది. పోటు సమయంలో ఉప్పునీరు డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది. సార్వా (ఖరీఫ్ వరి) ముంపుకు పోవడం, దాళ్వాకు (రబీ వరికి) నీరు చాలకపోవడం ఇక్కడ మామూలే. 2011లో కోనసీమ రైతులు నిరసనగా సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు డ్రెయిన్ల పూడిక గురించీ మద్దతు ధర గురించీ రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఆ సార్వాలో ఊడ్పులు లేక కూలి పోగొట్టుకున్న ఆడవాళ్ల లెక్క ఆ చర్చలో వినిపించిన గుర్తు నాకు లేదు. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకానికి దేశంలో అనుమతి వచ్చాక ఆ శివారు చేలు ఒకటొకటిగా చెరువులయ్యాయి. ఒక చేను చెరువైతే ఉప్పు ఊట పక్క చేనులోకి దిగుతుంది. రెండు మూడు పంటలు ఎర్రబారి దెబ్బతిన్నాక ఆ పక్క రైతూ చెరువుకే ఇస్తాడు. ఇది ఎవరో ఒకరి దురాశ కథ కాదు, మట్టిలో నీరు నడిచే తీరు.

మేము మార్చినవాటిలో మొదటిది లెక్కించే కొలమానం. కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవడం మానేసి మనిషి మనిషినీ విడిగా అడిగాం. ఒకే ఇంట్లో అత్తగారికీ కోడలికీ నీళ్ల సమస్య ఒకటి కాదు. అత్తగారికి బిందె ఎత్తలేకపోవడం సమస్య, కోడలికి కుళాయి వచ్చే వేళకు ఇంట్లో లేకపోవడం సమస్య. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి అడిగితే పెద్దావిడ సమస్య ఒక్కటే కాగితం మీదకు వస్తుంది.

రెండోది చోటు. అరుగుల మీదా పంచాయతీ కార్యాలయంలోనూ కాకుండా పని జరిగే చోటనే మాట్లాడాం. షెడ్ల నుంచి తిరిగివచ్చి, వంట ముగించి, మధ్యాహ్నం కొబ్బరాకుల నుంచి ఈనెలు చీల్చి చీపుళ్లు కట్టుకునే వేళ ఆడవాళ్లు నలుగురూ ఒకచోట చేరతారు. చేతులు పనిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. వాళ్లు పని ఆపనవసరం లేదు, మా కోసం ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేదు. పటం కూడా అక్కడే, వాకిట్లోనే గీశాం. ఈనెలు కాలువలూ డ్రెయిన్లూ అయ్యాయి, కొబ్బరి చిప్పలు చెరువులయ్యాయి, ఇటుక ముక్కలు ఇళ్లయ్యాయి. ఉత్తరం పైన ఉండాలని ఎవరూ పట్టుబట్టలేదు. ముందు పెట్టింది కుళాయి. దాని చుట్టూ ఊరు పెరిగింది.

మూడోది మేమెవరమన్న సంగతి. స్త్రీలను అడగడానికి స్త్రీని పంపితే చాలునని చాలామంది అనుకుంటారు. అది చాలదు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఎదురయ్యే ప్రశ్న “ఎవరి తాలూకు అమ్మా?” అనేది. ఇంటి పేరు చెప్పగానే మన కులం, మన చుట్టరికాలు, మనం ఎవరి పక్షమో అన్నీ వాళ్లు లెక్కగట్టేస్తారు. వాళ్లు మనల్ని ఇంటర్వ్యూ చేశాకే మన ఇంటర్వ్యూ మొదలవుతుంది. ఆ లెక్క నుంచి తప్పించుకోవడం కుదరదు కాబట్టి దాన్ని నోట్సులో రాసుకోవడమే దారి. పెద్ద వీధిలో నేనూ, పేటలో, అంటే దళితవాడలో, నా సహోద్యోగినీ మాట్లాడేవాళ్లం. ఆమె మరో మండలంలోని పేటలో పుట్టి పెరిగిన మనిషి. కొన్ని ఇళ్లలో కావాలనే మారి కూర్చున్నాం. ఒకే ప్రశ్నకు ఆమెకు వచ్చిన జవాబు, నాకు వచ్చిన జవాబు పక్కపక్కన రాసుకున్నాం. నాకు “నీళ్లు బాగానే వస్తున్నాయండీ” అన్న మనిషే ఆమెతో “కుళాయి దగ్గర మా బిందె ముందు పెట్టనివ్వరు” అంది. ఈ రెండింటిలో ఒకటి నిజమనీ ఇంకోటి అబద్ధమనీ తేల్చే పని మేం పెట్టుకోలేదు. ఎవరితో ఏది చెప్పవచ్చో తెలిసిన మనిషి మాటలు అవి. తాను ఎక్కడ నిలబడి చూస్తున్నాడో చెప్పకుండా అంతా పైనుంచి చూశానని పరిశోధకుడు చెప్పుకోవడం నిలవదని అమెరికన్ స్త్రీవాద పండితురాలు డోనా హారవే 1988లో వాదించారు. మా డెల్టాలో ఆ మాటకు కులం చేర్చి చదువుకోవాలి. కులాన్ని పక్కనపెట్టి స్త్రీలందరినీ ఒక గుంపుగా చూసే అధ్యయనం ఇక్కడ పేటను మళ్లీ పటం బయట పెట్టినట్టే అవుతుంది.

ఇక తేలిన విషయాలు. అన్నిటికంటే పెద్దది వేళకు సంబంధించినది.

రొయ్యల చెరువులో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యను వలేసి పట్టడం, ఎప్పుడన్నది చాలా వాటిని బట్టి ఉంటుంది. రొయ్య పొర విడిచి మెత్తగా ఉన్నప్పుడు పట్టరు. కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంటును బట్టి ధర ఉంటుంది కాబట్టి, ఇవాళ పట్టాలా ఇంకో నాలుగు రోజులు మేపాలా అని రైతు తూచుకుంటాడు. జబ్బు అనుమానం వస్తే రాత్రికి రాత్రే వల దించుతారు. మన ఘనీభవించిన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా; అక్కడి ధర కదిలితే ఇక్కడి కొనుగోలు ధర కదులుతుంది. ఇవన్నీ కలిసి చివరికి ఒక ఫోను మోతగా మారతాయి. రాత్రి పదింటికో పన్నెండింటికో కూలీలను కుదిర్చే మేస్త్రీ ఫోను చేసి “రెండింటికి ఆటో వస్తుంది, ఎనిమిది మంది కావాలి” అంటాడు. వెళ్లకపోతే తర్వాతిసారి పిలుపు రాదు. షెడ్డులో ఐసు నీళ్లలో రొయ్య తల తీసి, పొట్టు వలిచి, కిలోల లెక్కన కూలి తీసుకుంటారు. వేలి సందులు ఒరిసిపోతాయి. సాయంత్రం పసుపూ కొబ్బరినూనే రాసుకుని కూర్చుంటారు. తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది.

ఆ ఊళ్లో కుళాయి నీళ్లు వచ్చేది ఉదయం ఆరింటికి, గంటసేపు.

ఈ రెండు వేళలనూ ఒకే కాగితం మీద పెట్టిన రోజు మా పని దిశ మారింది. స్వీడన్ భూగోళ శాస్త్రజ్ఞుడు టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్ 1970లో మనిషి రోజును చోటు, కాలం కలిసిన గీతగా చూడాలని ప్రతిపాదించాడు. ఒక మనిషి ఒక వేళకు ఒక చోట ఉండి తీరాలంటే అదే వేళకు ఇంకోచోట జరిగేది అందదు. లెక్కకు బాగుంది. ఐతే ఆ గీతల్లో కదిలే శరీరం ఎవరిదన్న సంగతి కనిపించదని, భయం గాని బాధ్యత గాని అందులో పట్టవని స్త్రీవాద భూగోళ శాస్త్రజ్ఞురాలు జిలియన్ రోజ్ 1993లో విమర్శించారు. మేం గీసిన గీతల్లో ఆ విమర్శ ఎంత అవసరమో తెలిసింది. రెండింటికి ఆటో ఎక్కిన తల్లి గీత షెడ్డులో ఆగితే, ఆరింటికి కుళాయి దగ్గర మొదలయ్యే గీత ఎనిమిదో తరగతి చదివే కూతురిది. బిందెలు నింపి, తమ్ముడికి అన్నం పెట్టేసరికి బడి గంట కొట్టేస్తుంది. పట్టుబడి రోజుల్లో ఆ పిల్ల బడికి వెళ్లదు. బడి రిజిస్టరులో అది ‘అనారోగ్యం’ అని పడుతుంది. తల్లి గీత ఒక్కటే గీసి ఊరుకుంటే కూతురి గీత ఎవరికీ తెలిసేది కాదు.

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు. ఇది విలువైన అంకె, నేను ప్రతి శిక్షణలోనూ చెబుతాను. ఐతే నీళ్ల ట్యాంకు వాల్వు ఎప్పుడు తిప్పాలో ఆ సగటు చెప్పదు. 299 నిమిషాల్లో ఏ నిమిషం ఏ గంటలో పడుతుంది, ఆ గంటలో ఇంకెవరు దాన్ని భుజాన వేసుకుంటున్నారు అన్నది ఊళ్లో కూర్చుని అడగాలి.

దీన్నిబట్టి నీటి ఎద్దడి నిర్ధారణే మారింది. మొదటి నివేదిక ముసాయిదా నీటి పరిమాణం గురించీ ఉప్పు గురించీ మాట్లాడింది. అవి నిజమే, బోర్లు ఉప్పుబారాయి, తాగడానికి ఇరవై లీటర్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. పరిష్కారంగా పంచాయతీ కార్యాలయం పక్కన మరో శుద్ధ జల ప్లాంటు ప్రతిపాదించారు. వాకిట్లో పటం గీసిన ఆడవాళ్లు మాత్రం ఆ ప్లాంటు గుర్తుగా పెట్టిన ఇటుక ముక్కను తీసి బడి వైపు జరిపారు. పెద్ద వీధి మధ్య వరుసలో నిలబడడం పేట ఆడవాళ్లకు ఇష్టం లేదు. బడి దగ్గరైతే ఎవరి వీధీ కాదు.

దారుల సంగతి ఇంకాస్త చిక్కుగా ఉంది. డ్రెయిన్ గట్టు మీదుగా పేట నుంచి మెయిన్ రోడ్డుకు దగ్గరి కాలిబాట ఉండేది. గేదెలకు గడ్డి కోసుకునేదీ అటువైపే. చెరువులు వచ్చాక గట్టు చుట్టూ కంచె, పైన పక్షుల వల, కాపలా కుక్కలు వచ్చాయి. బయటి మనుషుల కాళ్లతో వైరస్ వస్తుందని రైతుల భయం; 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది కాబట్టి ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. కాలిబాట మూతపడి నడక రోడ్డు మీదుగా చుట్టు తిరిగింది. అందరు ఆడవాళ్లూ కంచె తీసేయమంటారని నేను ఎదురుచూశాను. పేటలో కొందరు చెరువుల మీద రాత్రంతా వెలిగే లైట్ల వల్ల తెల్లవారుజామున ఆటో దగ్గరకు నడవడం ధైర్యంగా ఉందన్నారు. వయసులో ఉన్న పిల్లలు అవే లైట్ల కింద కాపలా మనిషి చూపు తమ మీదే ఉంటోందన్నారు. పటం మీద ఆ గట్టును ఏ రంగు వేయాలో తేలక రెండు రంగులూ వేశాం. అలా వేయడం సరైనదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మేము వెతకబోయినది కాదు. ఏ చేలు ముందు చెరువులయ్యాయో చూద్దామని ఊరి భూముల రెవెన్యూ రికార్డు అడంగల్ తీసి చూశాం. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, భూమి నిజంగా ఎవరి చేతిలో ఉందో ఆ అనుభవదారుకు ఒక గడి ఉంటాయి. తొలిదశలో చెరువులకు వెళ్లిన భూముల్లో చాలా చోట్ల పట్టాదారు గడిలో ఆడవాళ్ల పేర్లున్నాయి. ఆ పేర్ల మనుషులు ఊళ్లో లేరు. ఆరా తీస్తే అవి పసుపు కుంకుమ కింద కూతుళ్లకు ఇచ్చిన పొలాలు. వాళ్లు పెళ్లయి ఏటికవతల పాలకొల్లు వైపో, అమలాపురమో, హైదరాబాదో వెళ్లిపోయారు. పొలం అన్నదమ్ముల చేతిలో ఉంది. ఆ ఊళ్లో వరి కౌలుకంటే చెరువు కౌలు బాగా ఎక్కువ. అన్నదమ్ములు తమ సొంత వాటా వరికి ఉంచుకుని అక్కచెల్లెళ్ల వాటా ముందు చెరువుకు ఇచ్చారు. తర్వాత ఊట తమ చేలలోకే దిగింది.

వారిలో కొందరి అత్తవారిళ్లకు వెళ్లి మాట్లాడాను. ఒకావిడ చెప్పింది ఇక్కడ రాయడానికి ఆమె అనుమతి ఉంది: “పొలం నా పేరునే ఉందమ్మా. కౌలు డబ్బు మా తమ్ముడు సంక్రాంతికి తెచ్చిస్తాడు. ఎంతకిచ్చావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే పుట్టింటి గడప మానుకున్నట్టే కదా.” ఆమెకు లెక్క తెలియక కాదు. మొగుడు పోయిన రోజునో కొడుకు చూడని రోజునో వెళ్లడానికి మిగిలే ఇల్లు అదొక్కటే, దాన్ని కాపాడుకోవడానికి కౌలు మీద మాట వదులుకుంది. అన్నదమ్ముల అండ కోసం స్త్రీలు భూమి మీద హక్కు వదులుకోవడాన్ని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 1994లోనే వివరంగా చర్చించారు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన, 1985 నుంచి అమలైన సవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన కూతుళ్లకూ దాన్ని వర్తింపజేసింది. పత్రం మీద హక్కు ఉండి, చోటు మీద మాట లేకపోవడం ఈ ఊరి నేల రంగునే మార్చింది. భూవినియోగ పటం మీద నీలం రంగు ఎందుకు అక్కడే మొదలైందో అడగాలంటే, పెళ్లయ్యాక ఆడపిల్ల ఎక్కడికి వెళ్తుందో కూడా గీయాలి. మేం గీశాం. సర్వే నంబరు నుంచి అత్తవారి ఊరికి ఒక్కో గీత. ఆ గీతలు పాయలు దాటి డెల్టా అంతటా విచ్చుకున్నాయి.

ఆ గీతల పటం నివేదికలో లేదు. ఊరి పేరు చెప్పనిది ఇందుకే. సర్వే నంబరు పక్కన ఊరి పేరు పెడితే ఎవరి తమ్ముడు ఎవరి పొలం ఎంతకిచ్చాడో మండలమంతా తెలుస్తుంది, దాని ఖర్చు ఆ అక్క కడుతుంది. దీనికి తోడు, వాకిట్లో గీసిన పటంలో ఒక పెద్దావిడ మడ చెట్ల వైపు ఒక ఈనె పెట్టింది. అక్కడ వాళ్లు గుల్లలు ఏరుకుంటారు, ఎండు పుల్లలు తెచ్చుకుంటారు. మా సహోద్యోగి ఫోటో తీయబోతుంటే పక్కనున్న కోడలు “అది తీసెయ్యండి అత్తయ్యా, రేపు అటూ కంచె వస్తుంది” అంది. పెద్దావిడ ఈనె తీసి చీపురు కట్టలో కలిపేసింది. ఫోటో తర్వాతే తీశాం. ఏది గీయాలన్న హక్కుతో పాటు ఏది గీయకూడదన్న హక్కూ ఊరి ఆడవాళ్లదే. సమాచారం ఎంత ఎక్కువైతే అంత మంచి పటం అని శిక్షణలో నేర్పుతారు. ఆ సూత్రాన్ని నేను అంగీకరించను.

ఫలితాల సంగతి. నివేదికను ముందు వాకిళ్లలో చదివి వినిపించి, వాళ్లు వద్దన్న వాక్యాలు కొట్టేసి, ఆ తర్వాతే పంచాయతీకి ఇచ్చాం. సాయంత్రం ఆరింటికి కూడా గంటసేపు కుళాయి వదలడానికి ఒప్పుకున్నారు. పంపు ఆపరేటరుకు అదనపు వేతనం ఎవరివ్వాలన్న దగ్గర కొన్నాళ్లు ఆగినా, అది నడుస్తోంది. శుద్ధ జల ప్లాంటు పంచాయతీ కార్యాలయం పక్కనే కట్టారు. బడి దగ్గరకు పైపు లాగి రెండు కుళాయిలు మాత్రం పెట్టారు. గట్టు దారి తెరుచుకోలేదు. ఇద్దరు చెరువు రైతులు పగటిపూట గేటు తీసి ఉంచుతామన్నారు, ఒకరు తీస్తున్నారు. మేస్త్రీ ఫోను వేళ మీద, కిలో కూలి రేటు మీద మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది షెడ్ల ఆడవాళ్లు సంఘంగా తేల్చుకోవలసిన పని, వాళ్లలో కొందరు ఆ మాటలు మొదలుపెట్టారు.

సర్వే పట్టిక మారింది. ‘కుటుంబ యజమాని వృత్తి’ గడి స్థానంలో పదేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఒక వరుస పెట్టాం. నిన్న ఏ వేళకు ఎక్కడ ఉన్నారు, ఆ వేళకు ఇంటి పని ఎవరు చేశారు, జవాబు చెబుతున్నప్పుడు పక్కన ఎవరున్నారు అని అందులో అడుగుతాం. చివరి ప్రశ్న అడిగేది మనిషిని కాదు, పరిశోధకుడే నింపుకోవాలి. దాన్ని నింపడానికి కొత్తగా వచ్చిన పరిశోధకులు మొదట్లో ఇబ్బంది పడతారు, నాలుగైదు ఇళ్లు తిరిగాక ముందు ఆ గడే చూసి జవాబు చదవడం నేర్చుకుంటారు.

పసుపు కుంకుమ పొలాల పని ఇప్పుడు విడిగా సాగుతోంది. ఉచిత న్యాయ సహాయం చేసే ఒక న్యాయవాది మాతో వస్తున్నారు. ఎవరి మీదా ఫిర్యాదు పెట్టమని ఆమె చెప్పడం లేదు. చెరువు కౌలు పత్రం నకలు ఒకటి పట్టాదారు ఇంటికి చేరాలి, కౌలు పొడిగించే ముందు ఆమె సంతకం కావాలి అన్నంతవరకే అడుగుతున్నాం. ఏటికవతల ఇళ్లలో ఆ మాట ఎత్తినప్పుడు కొందరు తల అడ్డంగా ఊపారు, కొందరు అడంగల్ నకలు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఈ దాళ్వా కోతలయ్యాక, చాలా చెరువుల కౌలు గడువు ముగిసే సమయానికి, వాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్తాం.